గర్భిణుల బాడీ ఇమేజ్‌ను కొలిచే విదేశీ ప్రశ్నావళి చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఎంతవరకు పనికొస్తుంది?

ప్రశ్న: పరిశోధక విద్యార్థిని, తిరుపతి

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో మనస్తత్వశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. నెలలు నిండేకొద్దీ మారిపోతున్న తన శరీరాన్ని గర్భవతి ఎలా చూసుకుంటుంది, ఆ చూపు ఒక్కో సంస్కృతిలో ఒక్కో రకంగా ఉంటుందా అన్నది నా అంశం. దీనికోసం గర్భిణులను దృష్టిలో పెట్టుకొని తయారైన రెండు ప్రశ్నావళులను చదివాను. మొదటిది ఆస్ట్రేలియా పరిశోధకులు 2017లో ప్రకటించిన 'బాడీ ఇమేజ్ ఇన్ ప్రెగ్నెన్సీ స్కేల్'. అందులో 36 వాక్యాలు, ఏడు విభాగాలు ఉన్నాయి. రెండవది 2019లో బ్రిటన్ నుంచి వచ్చిన 'బంప్స్'. గర్భిణిగా కనబడడంలో ఉన్న తృప్తి, బరువు పెరుగుతున్నానన్న దిగులు, శరీరానికి కలిగే శ్రమ అనే మూడు కోణాల్లో అది ప్రశ్నలు వేస్తుంది.

నా సందేహాలు ఇవి. రెండవదాన్ని అనుమతి తీసుకొని తెలుగులోకి అనువదించి, ఇక్కడి స్త్రీల సగటును బ్రిటన్ స్త్రీల సగటుతో పోల్చవచ్చునా? మన ప్రాంతంలో తెలుగు, తమిళం, కన్నడం మాట్లాడే గర్భిణులు ఉన్నారు కాబట్టి వారిని మూడు సంస్కృతులుగా లెక్కించవచ్చునా? ఇంకొక చిక్కు కూడా ఉంది. ప్రయోగాత్మకంగా కొందరిని అడిగి చూసినప్పుడు, చదువుకున్నవారు, చదువుకోనివారు అన్న తేడా లేకుండా దాదాపు అందరూ 'బాగానే ఉందండీ' అని ఒకే మాట చెప్పారు. అది నిజంగా తృప్తేనా, లేక ప్రశ్న వారి మనసును తాకలేదా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. అనుభవం ఉన్నవారు దారి చూపగలరు.

సమాధానం: మనోమాపనం బోధించిన విశ్రాంత అధ్యాపకుడు, తిరుపతి

అమ్మా, మొదటి ప్రశ్నకు సూటిగా చెబుతాను. అచ్చులో ఉన్న బ్రిటన్ సగటును తెచ్చి మీ సగటు పక్కన పెట్టి 'మన స్త్రీలలో తృప్తి ఎక్కువ' అని గాని, 'తక్కువ' అని గాని రాయకూడదు. ఒక అంగడిలో తక్కెడ పళ్ళెం ఖాళీగా ఉన్నప్పుడే పావుకిలో చూపిస్తుంటే, అక్కడి బియ్యం తూకాన్ని మరో అంగడి తూకంతో పోల్చి ఎవరిది ఎక్కువో చెప్పలేము కదా. ప్రశ్నావళులలోనూ ఇదే జరుగుతుంది. మనసులోని అసంతృప్తి ఇద్దరు స్త్రీలలో సమానంగానే ఉన్నా, ఒక సమాజంలోని స్త్రీ ఆ వాక్యానికి సహజంగానే ఒక అంకె ఎక్కువ గుర్తించవచ్చు. అప్పుడు సగటులో కనిపించే తేడా మనసుల తేడా కాదు, కొలమానం తేడా.

దీన్ని పరీక్షించడానికి ఒక పద్ధతి ఉంది. మొదట, ప్రశ్నలు రెండు చోట్లా ఒకే విభాగాలుగా గుంపు కడుతున్నాయా అని చూస్తారు. తరువాత, ఒక్కో ప్రశ్నకూ దాని విభాగానికీ మధ్య ఉన్న బంధం రెండు చోట్లా ఒకే బలంతో ఉందా అని చూస్తారు. చివరగా, జవాబు మొదలయ్యే చోటు, అంటే నేను పైన చెప్పిన ఖాళీ పళ్ళెం అంకె, రెండు చోట్లా ఒకటేనా అని చూస్తారు. మెట్టు మెట్టుకూ నమూనా ఎంత సరిపోతోందో చెప్పే సీఎఫ్‌ఐ అనే సూచిక 0.01 కంటే ఎక్కువ పడిపోతే ఆ సమానత నిలవలేదని భావించడం 2002 నుంచి వాడుకలో ఉంది. మూడవ మెట్టు దాటితేనే సగటులను పోల్చే హక్కు వస్తుంది. ఇదంతా చేయడానికి అవతలి దేశపు స్త్రీలు ఇచ్చిన విడివిడి జవాబులు మీ చేతిలో ఉండాలి, అచ్చయిన సగటు చాలదు. ఒక్కో సమూహంలో 200 మందికి తగ్గకుండా ఉంటే మంచిదని సాధారణంగా చెబుతారు. ఆ పరిశోధకులు దత్తాంశాన్ని పంచుకోవడానికి ఒప్పుకుంటే సరే, లేకపోతే ఆ పోలికను వదిలేయండి.

వదిలేస్తే నష్టమేమీ లేదని నా అభిప్రాయం. 2010లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం 26 దేశాలలో 7,434 మందికి బొమ్మలు చూపించి, ఏ ఆకారం అందమైనదని అడిగింది. అందులో పాల్గొన్నవారిని గర్భిణులని చూసి ఎంపిక చేయలేదు గాని, ఫలితం మీకు పనికివస్తుంది. సంపన్న ప్రాంతాల మధ్య దేశానికీ దేశానికీ తేడా స్వల్పంగానే తేలింది. మలేషియా, దక్షిణాఫ్రికాలలో మాత్రం ఒకే దేశంలోని పేద ప్రాంతానికీ సంపన్న ప్రాంతానికీ మధ్య చాలా పెద్ద తేడా కనిపించింది, పేద ప్రాంతంలో నిండైన శరీరానికే మొగ్గు. కాబట్టి సంస్కృతుల పోలిక కోసం లండన్ దాకా పోనక్కరలేదు. తిరుపతి అపార్ట్‌మెంట్లలో ఉండే ఉద్యోగినికీ, పలమనేరు అవతల పల్లెలో పాడి పశువులు చూసుకునే స్త్రీకీ మధ్య ఉన్న దూరం మీ పరిశోధనకు చాలినంత ఉంది.

అనువాదం గురించి ఒక్క మాట. తెలుగులోకి మార్చినదాన్ని మూలం చూడని వేరొకరి చేత తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి సరిచూసే పద్ధతిని మనస్తత్వ శాస్త్రవేత్త బ్రిస్లిన్ 1970లో వివరించారు. అది అవసరమే కాని అక్కడితో ఆగిపోకండి. వాక్యం చక్కగా తిరిగి వచ్చినంత మాత్రాన, దాన్ని విన్న గర్భిణి మనసులో మెదిలిన సంగతి అదేనని రుజువు కాదు. పదిహేను ఇరవై మందిని కూర్చోబెట్టి, ఒక్కో ప్రశ్న విన్నప్పుడు ఏమి తోచిందో పైకి చెప్పమని అడగండి. నా దృష్టిలో మీ పరిశోధనలో అసలు భాగం అదే.

సమాధానం: ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సు, చిత్తూరు జిల్లా

మేడం, అధ్యాపకులు చెప్పిన లెక్కల సంగతి నాకు తెలియదు. ఆ 'బాగానే ఉందండీ' సంగతి మాత్రం చెప్పగలను, ఎందుకంటే రోజూ వింటున్నాను.

కడుపుతో ఉన్న మనిషి తన నోటితో 'నేను ఇప్పుడు అందంగా ఉన్నాను' అని చెప్పుకోదు. చెప్పుకుంటే దిష్టి తగులుతుందని భయం. ఎవరైనా 'ముఖంలో కళ వచ్చిందే' అంటే ఆ సాయంత్రం ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేస్తారు. అలాగని 'నా శరీరం నాకు నచ్చడం లేదు' అనీ చెప్పదు. కడుపు పండినందుకు సంతోషించక శరీరం గురించి ఏడుస్తోందని ఇంట్లోవాళ్ళు అంటారు. రెండు వైపులా దారి మూసేస్తే మధ్యలో మిగిలేది 'బాగానే ఉంది' ఒక్కటే. పైగా మీరు అడిగేటప్పుడు పక్కన ఎవరున్నారో చూసుకున్నారా? అత్తగారు పక్కన ఉంటే చాలావరకు ఆమే జవాబు చెప్పేస్తుంది. ఆశా కార్యకర్త పక్కన ఉన్నా అంతే, సర్కారువారికి ఏ జవాబు ఇష్టమో అది చెబుతారు. ప్రతి నెల 9వ తేదీన గర్భిణుల ప్రత్యేక పరీక్షలు జరుగుతాయి కాబట్టి ఒకేచోట అందరూ దొరుకుతారని మీకు తోచవచ్చు. ఆ రోజు వద్దు. ఆ రద్దీలో, నిలబడి, నలుగురి మధ్య ఎవరూ మనసు విప్పరు. రక్తపరీక్ష ఫలితం కోసం ఒంటరిగా కూర్చొని ఎదురుచూసే సమయం చాలా నయం.

బరువు దిగులు అన్న భాగం చూసి నాకు కొంచెం నవ్వు వచ్చింది. ఇక్కడ నా దగ్గరకు వచ్చేవాళ్ళలో చాలామందిది బరువు పెరగలేదన్న దిగులు. 'ఆరో నెల వచ్చినా ఒళ్ళు చేయలేదు, కడుపు కనబడడం లేదు' అని తల్లులు కూతుళ్ళను వెంటబెట్టుకొని వస్తారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద గర్భిణులలో 52.2 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అలాంటి చోట బరువు గురించి అడిగితే, 'ఎక్కువైందా' అన్న భయం, 'చాలలేదా' అన్న భయం రెండూ విడివిడిగా అడగాలి. మాకు శిక్షణలో చెప్పేది మొత్తం మీద 9 నుంచి 11 కిలోలు పెరగాలని. అమెరికావారి 2009 సూచనల్లో సాధారణ బరువు ఉన్న స్త్రీకి 11.5 నుంచి 16 కిలోలని ఉంది. మన పుస్తకం ప్రకారం పైహద్దుకు చేరిన ఆమె ఆ లెక్కలో ఇంకా కిందే ఉంటుంది. ఆమె దిగులును ఎవరి కొలతతో చూస్తారు?

తిండి తగ్గించుకోవడం గురించి కూడా ఒక హెచ్చరిక. ఇక్కడ కొందరు చివరి నెలల్లో కావాలనే తక్కువ తింటారు. లావైపోతామని కాదు. బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టమవుతుందని, ఆపరేషన్ చేస్తారని. ఐరన్ మాత్రలు మానేసేవాళ్ళలోనూ కొందరు బిడ్డ నల్లగా పుడుతుందనో, పెద్దగా పుడుతుందనో మానేస్తారు. మీ కాగితంలో 'తిండి తగ్గించాను' అన్నదానికి అవునని గుర్తు పెట్టిన ఆమెను, తన శరీరం నచ్చని మనిషి కింద లెక్కకట్టకండి.

అడగాల్సినవి, విదేశీ కాగితంలో ఉంటాయో ఉండవో నాకు తెలియనివి కొన్ని ఉన్నాయి. మెడ, చంకలు నల్లబడడం, ముఖం మీద మంగు, కాళ్ళకు నీరు పట్టడం, జుట్టు రాలడం. వీటి గురించి అడిగితే మాత్రం మాటలు ఆగవు. 'ఇంతకుముందు ఎర్రగా ఉండేదాన్నమ్మా' అని మొదలుపెడతారు. దుస్తులు బిగుతయ్యాయా అని అడిగే ప్రశ్న ఉంటే మార్చుకోండి, చీర కట్టుకునే ఆమెకు బిగుతయ్యేది రవిక ఒక్కటే. ఇక కడుపు ఆకారం జోలికి పోయేటప్పుడు జాగ్రత్త. కడుపు మొనదేలి ఉందా, వెడల్పుగా ఉందా అన్నదాన్ని బట్టి మగబిడ్డో ఆడబిడ్డో చెప్పేస్తామనేవాళ్ళు ఊరూరా ఉన్నారు. 'నీ కడుపు ఆకారం నీకు నచ్చిందా' అని మీరు అడిగితే, ఆమె చెప్పే జవాబు బిడ్డ గురించి అయ్యుండవచ్చు. లింగనిర్ధారణను నిషేధించే 1994 చట్టం ఉన్నందువల్ల ఆసుపత్రిలో ఈ మాట ఎత్తగానే ఆమె నోరు మూసుకోవచ్చు కూడా.

సమాధానం: క్షేత్ర పరిశోధకుడు, కుప్పం

పై సోదరి చెప్పినదానికి విద్వాంసుల సాక్ష్యం కూడా ఉంది. మార్క్ నిక్టర్, మిమీ నిక్టర్ దంపతులు కర్ణాటకలోని దక్షిణ కన్నడ ప్రాంతంలో గర్భిణుల ఆహార నమ్మకాలను అధ్యయనం చేసి 1983లో ప్రచురించారు. గర్భంలో బిడ్డకూ అన్నానికీ ఒకే చోటు పంచుకోవలసి వస్తుందని, ఎక్కువ తింటే బిడ్డకు చోటు తగ్గుతుందని భావించేవారిని వారు నమోదు చేశారు. ఆహార నియంత్రణను శరీర అసంతృప్తికి గుర్తుగా వాడే ఏ ప్రశ్నావళి అయినా దక్షిణ భారతంలో దారి తప్పడానికి ఇదొక్కటే చాలు.

నేను మీ రెండవ ప్రశ్నకు జవాబు చెబుతాను. భాషను సంస్కృతిగా లెక్కించకండి. ద్రావిడ విశ్వవిద్యాలయం 1997లో కుప్పంలో ఏర్పడడానికి వెనుక ఉన్న సంగతే ఇది, ఇక్కడ మూడు రాష్ట్రాలూ మూడు భాషలూ కలుస్తాయి. ఒకే వీధిలో ఇంట్లో తమిళం, బడిలో తెలుగు, బజారులో కన్నడం మాట్లాడే స్త్రీని మీరు ఏ గడిలో వేస్తారు? నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు తమిళం మాట్లాడే ఇళ్ళలో వళైకాప్పు అనే గాజుల వేడుక చేస్తారు, తెలుగు ఇళ్ళలో సీమంతం చేసి గాజులు తొడుగుతారు. కడుపుతో ఉన్న స్త్రీని నలుగురి ముందు కూర్చోబెట్టి, ఆమె శరీరాన్ని అందరూ చూసి దీవించే వేడుక రెండింటిలోనూ ఉంది. అదే నగరిలో మరమగ్గాల ఇళ్ళలో పని చేసే స్త్రీకీ, పక్క వీధిలో ఉపాధ్యాయురాలికీ శరీర శ్రమ గురించిన జవాబులు ఒకేలా ఉండవు. ఏ భాషలో జవాబు చెప్పాలో ఆమెనే ఎంచుకోనివ్వండి. ఇంటి భాష, చదువు, పని, ఎన్నవ కాన్పు అన్నవి విడిగా రాసుకోండి. భాషా సమూహాల మధ్య సమానతను అధ్యాపకులవారు చెప్పిన విధంగా పరీక్షించండి గాని, తేడా కనబడితే వెంటనే సంస్కృతి పేరు పెట్టవద్దు.

ఇంతకంటే ముఖ్యమైనది ఒకటి ఎవరూ ప్రస్తావించలేదు. మీరు మూడవ నెలలో ఒకసారి, ఎనిమిదో నెలలో ఒకసారి అడిగి మార్పు చూడాలనుకుంటున్నారని అనుకుంటాను. తొలి కాన్పుకు మన ఆడపిల్లలు పుట్టింటికి పోతారు. ఐదో నెలలోనో, ఏడులోనో, తొమ్మిదిలోనో సీమంతం అయ్యాక తీసుకుపోతారు. కుప్పం కోడలి పుట్టిల్లు కృష్ణగిరిలోనో, కోలారులోనో ఉండవచ్చు, నగరి కోడలిది తిరుత్తణిలో ఉండవచ్చు. అంటే రెండవసారి ఆమె దొరకకపోవడం ఒక నష్టం. దొరికితే ఇంకా పెద్ద చిక్కు. మొదటి జవాబు అత్తవారింట్లో ఇచ్చింది, రెండవ జవాబు అమ్మ పక్కన, పని భారం తగ్గి, అడిగినది వండిపెట్టే చోట ఇచ్చింది. ఎనిమిదో నెలలో తృప్తి పెరిగినట్లు అంకెలు చూపిస్తే, అది నెలలు నిండినందువల్లనా, ఇల్లు మారినందువల్లనా? పుట్టింటికి పోయే ఆచారం లేని దేశాలలో తయారైన అధ్యయన పద్ధతికి ఈ ప్రశ్నే రాదు. ప్రతిసారీ ఆమె ఏ ఇంట్లో ఉందో నమోదు చేయండి. రెండవ కాన్పు స్త్రీలలో చాలామంది అత్తవారింట్లోనే ఉండిపోతారు కాబట్టి, వారిని వేరుగా చూస్తే ఈ రెండు కారణాలనూ కొంతవరకైనా విడదీయవచ్చు.

సమాధానం: పోషకాహార శాస్త్ర విద్యార్థిని, చిత్తూరు

ఇంత కష్టం అవసరమా అని నా సందేహం. 2015లో వచ్చిన 'బాడీ అప్రిసియేషన్ స్కేల్ 2' అనే ప్రశ్నావళిలో పది వాక్యాలే ఉన్నాయి. తన శరీరాన్ని ఎంత గౌరవంగా చూసుకుంటుందన్నది మాత్రమే అది కొలుస్తుంది. దాన్ని 65 దేశాలలో 40 భాషలలో పరీక్షించిన అధ్యయనం 2023లో వచ్చింది. సంస్కృతుల పోలిక కావాలంటే అప్పటికే దారి వేసినదాన్ని వాడడం మేలు కదా? గర్భిణుల కోసం ప్రత్యేకించి కొత్తది తయారుచేస్తే అది చిత్తూరు దాటి ఎక్కడా పనికిరాదు.

సమాధానం: విశ్రాంత అధ్యాపకుడు, తిరుపతి

మీ మాటలో న్యాయం ఉందమ్మా, సగం వరకు. ఆ పది వాక్యాలూ తప్పక వాడాలి. కాని అవి గర్భాన్ని గురించి ఏమీ అడగవు. మంగు, నీరు, బరువు చాలలేదన్న బెంగ, దిష్టి భయం వీటిలో ఏవీ వాటికి అందవు. గర్భిణి తన శరీరాన్ని గౌరవించుకుంటూనే దాని మార్పును చూసి బెదరవచ్చు. అందువల్ల రెండూ పక్కపక్కన పెట్టండి. ఇక్కడి స్త్రీల మాటల నుంచి తయారైన వాక్యాలు, ఆ పది వాక్యాలతో ఒక మోస్తరు సంబంధం చూపించాలి. మరీ గట్టి సంబంధం ఉంటే మీ కొత్త వాక్యాలు అనవసరం, అసలు లేకపోతే మీరు కొలుస్తున్నది వేరే ఏదో. ఇక చిత్తూరు దాటి పనికిరాదన్న భయం నాకు లేదు. ఆస్ట్రేలియాలో తయారైనది మాత్రం ఏ ఊరికి పుట్టిందని?

ఒక చిన్న సూచన. 'నా శరీరం నాకు అసహ్యంగా అనిపించడం లేదు' వంటి వ్యతిరేక వాక్యాలను తీసేయండి. దానికి 'అవును' అన్న ఆమె వాక్యాన్ని ఒప్పుకుందా, అసహ్యంగా ఉందని ఒప్పుకుందా అన్నది అడిగినవారికే తెలియదు.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

అందరికీ కృతజ్ఞతలు. బ్రిటన్‌తో పోలికను మానుకుంటున్నాను. మొదట మాట్లాడించి వినడం, తరువాత వాక్యాలు రాయడం అన్న క్రమంలో పోతాను. ఏ ఇంట్లో ఉందన్న గడిని ఈ రోజే, పరిశోధన అనుమతి కోసం నైతిక సంఘానికి ఇచ్చే దరఖాస్తులో చేర్చాను. ఇంకొక్క సందేహం మిగిలింది. చదువు రాని స్త్రీకి 'పూర్తిగా అంగీకరిస్తాను' మొదలుకొని ఐదు మెట్లు చదివి వినిపిస్తే మొదటిదో చివరిదో పట్టుకుంటున్నారు. దీనికి ఉపాయం ఉందా?

సమాధానం: క్షేత్ర పరిశోధకుడు, కుప్పం

ఐదు మెట్లను ఒకేసారి చదవకండి. రెండు దఫాలుగా అడగండి. ముందు 'ఈ మాట నీకు సరిపోతుందా, సరిపోదా' అని అడగాలి. జవాబు వచ్చాక 'కొంచెమా, చాలానా' అని అడగాలి. ఎటూ తేల్చుకోలేనివారిని మధ్య గడిలో వేయాలి. ఐదు మెట్లూ మీ కాగితంలోనే ఉంటాయి, ఆమెకు మాత్రం ఒకసారికి రెండే ఎంపికలు వినబడతాయి. రూపాయిలో పావలా వంతా, అర్ధరూపాయి వంతా అని అడిగే పద్ధతి పెద్దవాళ్ళతో బాగా నడిచేది గాని, పావలా నాణెం 2011లోనే చెలామణిలోంచి పోయింది, ఇరవై ఏళ్ళ అమ్మాయి దగ్గర అది వద్దు. నాలుగు గ్లాసులలో నీళ్ళు వేర్వేరు మట్టాల్లో ఉన్న బొమ్మ అయితే ఎవరికైనా అర్థమవుతుంది.

సమాధానం: నర్సు, చిత్తూరు జిల్లా

మేడం, ఆ దరఖాస్తులో ఇంకొకటి కూడా చేర్చండి. ఈ ప్రశ్నలు అడిగేటప్పుడు కొందరు ఏడ్చేస్తారు, అప్పుడు మీరు ఏం చేస్తారన్నది ముందే రాసి ఉండాలి. భారత వైద్య పరిశోధన మండలి 2017 నియమావళిలో గర్భిణులకు ప్రత్యేక రక్షణ ఉంది, నైతిక సంఘం ఎలాగూ అడుగుతుంది. ఆమెను ఏ డాక్టరు దగ్గరకు, ఏ రోజు పంపించాలో ఆసుపత్రితో ముందే మాట్లాడి పెట్టుకోండి. మనసు బాగోలేనివారి కోసం సర్కారు నడిపే టెలీ మానస్ ఫోను నంబరు 14416 తెలుగులోనూ పలుకుతుంది, దాన్ని చీటీ మీద రాసి ఇవ్వవచ్చు. కాని ఆ చీటీ మీద మానసిక వైద్యం అని అచ్చు వేయకండి, ఇంట్లో ఎవరి కంట పడినా రెండవసారి ఆమెను మీ దగ్గరకు పంపరు. మేము ఇచ్చే తల్లీబిడ్డల కార్డు వెనుక పెన్నుతో నంబరు ఒక్కటే రాస్తే చాలు, ఆ కార్డు ఎప్పుడూ ఆమె దగ్గరే ఉంటుంది.